వేసవి సెలవుల్లో అమ్మమ్మ, తాతయ్య మన ఇంటికొస్తే: హైదరాబాద్ కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

సెలవులిచ్చిన మర్నాడే పిల్లలు పెట్టె సర్దుకుని ఊరికి వెళ్లే రోజులు చాలా ఇళ్లలో పోయాయి. ఇప్పుడు పెద్దవాళ్లే సంచుల నిండా మామిడికాయలు, అరిసెలు నింపుకుని నగరానికి వస్తున్నారు. బడికి వెళ్లీ వెళ్లని వయసు పిల్లలు, అరవై దాటిన పెద్దలు, మూడో అంతస్తులో ఒక ఫ్లాటు, బయట నలభై డిగ్రీల ఎండ. ఇవన్నీ ఒకచోట కలిసిన ఇంటి కోసం రాసిన జవాబులివి. నానమ్మ వచ్చినా, అమ్మమ్మ వచ్చినా పెద్ద తేడా ఏమీ ఉండదు.

వాళ్లను ఎప్పుడు రమ్మంటే మంచిది?

మన బడులకు ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా సెలవులు. అందులో మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె మొదలవుతుంది. రోళ్లు పగిలే ఎండలని పెద్దలు ఊరికే అనలేదు. సెలవులు మొదలైన వారంలోపు రప్పించి, రోహిణికి ముందే పంపగలిగితే ప్రయాణం హాయిగా ఉంటుంది. కుదరకపోతే మృగశిర వచ్చేదాకా, అంటే జూన్ మొదటి వారం గడిచేదాకా, ఇక్కడే ఉంచేసుకోండి. మండే ఎండలో పగటి బస్సు మాత్రం వద్దు. రాత్రి రైలు నయం.

రైలు, బస్సు టికెట్లలో పెద్దలకు, పిల్లలకు రాయితీలు ఉన్నాయా?

రైల్లో వృద్ధుల రాయితీని 2020 మార్చిలో నిలిపివేశారు. కింది బెర్తుల కోటా మాత్రం ఉంది. అరవై నిండిన మగవారికి, నలభై అయిదు నిండిన ఆడవారికి అది వర్తిస్తుంది. ఇందులో చాలామంది గమనించని మెలిక ఒకటుంది: ఆ కోటా ఒంటరిగా ప్రయాణించేవారికో, టికెట్టు మీద ఇద్దరే ఉన్నప్పుడో పనిచేస్తుంది. కుటుంబమంతటికీ కలిపి ఒకే టికెట్టు తీస్తే తాతయ్యకు పై బెర్తు వచ్చినా ఆశ్చర్యపోనక్కర్లేదు. పెద్దవాళ్లిద్దరికీ విడిగా తీయండి. అయిదేళ్ల లోపు పిల్లలకు బెర్తు అడగకపోతే టికెట్టు అక్కర్లేదు. అయిదు నుంచి పన్నెండు లోపువారికి విడిగా బెర్తు కావాలంటే పూర్తి చార్జీ పడుతుంది.

ఇక ఆర్టీసీ. తెలంగాణలో మహిళలకు ఉచిత ప్రయాణం 2023 డిసెంబరులో మొదలైంది, కానీ అది తెలంగాణ చిరునామా ఉన్నవారికే. గుంటూరు నుంచి వచ్చిన అమ్మమ్మ సిటీ బస్సులో ఆధార్ చూపించి కండక్టరుతో వాదనకు దిగకుండా ముందే చెప్పి ఉంచండి. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి అమలవుతున్న స్త్రీ శక్తి పథకం కూడా అక్కడి మహిళలకే.

ఇన్ని రోజులుంటారు కదా, రోజుకు ఎన్ని చోట్లకు తిప్పవచ్చు?

రోజుకు ఒక్కచోటికి. అది కూడా ప్రతిరోజూ వద్దు. ఒకరోజు బయటికి వెళ్తే మర్నాడు ఇంట్లో ఉండటం నాలుగేళ్ల పిల్లకూ అవసరమే, డెబ్బయ్యేళ్ల తాతయ్యకూ అవసరమే. జాబితా రాసుకుని ఊరంతా చూపించెయ్యాలన్న తాపత్రయం మధ్యలో ఉన్న మనదే. వాళ్లెవరూ అడగరు. ఉదయం పదిన్నర, పదకొండు లోపు నీడకు చేరాలి. సాయంత్రం అయిదున్నరకు ముందు గడప దాటకూడదు. ఈ రెండు హద్దులు పాటిస్తే తక్కినదంతా దానంతట అదే సర్దుకుంటుంది.

సరే, ఎక్కడికి తీసుకెళ్లాలి?

జంతుప్రదర్శనశాల అందరూ అనుకునేదే. మీర్ ఆలం చెరువు పక్కన 1963 నుంచి నడుస్తున్న నెహ్రూ జూలాజికల్ పార్కు 380 ఎకరాలు. నడిచి చూడాలనుకుంటే ఏనుగు దగ్గరికి చేరేసరికే అమ్మమ్మ కూర్చుండిపోతుంది. ఉదయం గేటు తెరిచే వేళకే వెళ్లి, బ్యాటరీ బండి ఎక్కండి. పిల్లలకు బొమ్మరైలు ఒక్కటే చాలు, పులి కనిపించకపోయినా పట్టించుకోరు. సోమవారం సెలవు.

సాలార్‌జంగ్ మ్యూజియాన్ని పిల్లలకు విసుగని చాలామంది పక్కన పెడతారు. అన్ని గదులూ చూపించాలనుకుంటే విసుగే. అక్కడ పిల్లలకు చూపించవలసింది గడియారం. గంట కాబోతుండగా ఆ గడియారం ముందు వరసలుగా కూర్చున్న జనం ఒక్కసారిగా నిశ్శబ్దమవుతారు. లోపలి నుంచి గడ్డం ఉన్న ఒక చిన్న బొమ్మ మనిషి బయటికి వచ్చి, ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట కొట్టి, మళ్లీ లోపలికి వెళ్లిపోతాడు. పిల్లలు వేళ్లు మడిచి లెక్కపెడతారు, తాతలు వాళ్లకంటే ముందు పెదవులు కదుపుతూ లెక్కపెడతారు. అందరూ పన్నెండు దెబ్బల కోసం పన్నెండింటికి పోగవుతారు కాబట్టి మీరు పదకొండింటికే వెళ్లండి. ఒక్క దెబ్బ తగ్గితే నష్టమేమీ లేదు, పిల్లను భుజాన ఎత్తుకోవలసిన బాధ తప్పుతుంది. ఆ తర్వాత ముసుగు రెబెక్కా పాలరాతి బొమ్మ దగ్గర అయిదు నిమిషాలు ఆగండి. రాతి ముసుగులోంచి ముఖం ఎలా కనిపిస్తోందో చెప్పమని అమ్మమ్మనే అడగమనండి. అక్కడితో చాలించి ఇంటికి వచ్చేయాలి. శుక్రవారం సెలవు.

డైనోసార్ పిచ్చి ఉన్న పిల్లలకు నౌబత్ పహాడ్ మీది బిర్లా సైన్స్ మ్యూజియం. అక్కడ నిలబెట్టిన అస్థిపంజరం ఏ అమెరికా నుంచో వచ్చింది కాదు, మన ప్రాణహిత–గోదావరి లోయలో దొరికిన కోటాసారస్‌ది. పొడవు సుమారు తొమ్మిది మీటర్లు. గోదావరి జిల్లా తాతయ్యలైతే దానికి వెంటనే చుట్టరికం కలిపేస్తారు. పక్కనే 1985లో ప్రారంభమైన ప్లానెటోరియం. చీకటి, చల్లదనం, వాలుగా కూర్చునే కుర్చీ. పెద్దలు ఆ అరగంటా కునుకు తీస్తే లేపకండి.

డబ్బు పెద్దగా ఖర్చు కాని విహారం మెట్రో. మియాపూర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా కిటికీ పక్కన కూర్చుని ఊరును పైనుంచి చూడటం ఊరి నుంచి వచ్చినవారికి, అయిదేళ్లవారికి ఒకేలా వినోదం. లిఫ్టులున్నాయి, చల్లగా ఉంటుంది. ఆఫీసు వేళలు తప్పించండి.

గోల్కొండకు మే నెలలో వెళ్లక తప్పదంటే సాయంత్రం వెళ్లి, ప్రవేశ ద్వారం దగ్గర చప్పట్లు కొట్టించి, ఆ చప్పుడు కొండ పైన బాలా హిస్సార్ దాకా వినిపిస్తుందని చెప్పి, కింద పచ్చికలో కూర్చోండి. ఆ మెట్లు డిసెంబరులో ఎక్కవచ్చు. మాల్స్ గురించి నా అభిప్రాయం అడిగితే, చల్లదనం తప్ప అక్కడ పెద్దవాళ్లకు దొరికేది ఏమీ లేదు. కూర్చోవడానికి బల్ల కోసం వెతుక్కోవడంతోనే సరిపోతుంది. ఎస్కలేటరు చూసి తటపటాయించే నానమ్మను వెనక నుంచి తొందరపెట్టడం మరీ తప్పు.

అసలు సమస్య మధ్యాహ్నం. పదకొండు నుంచి అయిదు దాకా ఇంట్లో ఏం చేయాలి?

వేసవి సెలవులంటే నిజానికి ఈ ఆరు గంటలే. మిగతాదంతా ప్రయాణం, స్నానం, భోజనం. ఈ ఆరు గంటలు ఫోనుకు అప్పగిస్తే పెద్దవాళ్లు వచ్చినా రాకపోయినా ఒకటే.

ముందు నేల మీద చాప పరచండి. ఒక సుద్దముక్క, నాలుగు గవ్వలు, గుప్పెడు చింతగింజలు ఇచ్చి మీరు పక్కకు తప్పుకోండి. ఏ ఆట ముందు ఆడాలో వాళ్లే తేల్చుకుంటారు.

అష్టాచెమ్మా లెక్కలు నేర్చుకునే వయసుకు సరిగ్గా సరిపోయే ఆట. అడ్డంగా అయిదు, నిలువుగా అయిదు గళ్లు గీసి, మధ్య గడికి, నాలుగు వైపుల ఇళ్లకు ఇంటూ గుర్తు పెట్టాలి. గవ్వలు నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, ఎనిమిది. ఈ రెండు పడినప్పుడు ఇంకో పందెం వేయవచ్చు. గవ్వలు దొరకకపోతే చింతగింజను నేల మీద ఒక వైపు అరగదీసి తెల్లగా చేస్తారు. ఆ అరగదీసే పనిని ఆరేళ్ల పిల్లాడికి అప్పగించి చూడండి, అరగంట కిక్కురుమనడు. కాయను చంపడం దగ్గర మాత్రం ఏడుపులు తప్పవు. అమ్మమ్మ కావాలని ఓడిపోవాలా వద్దా అన్నది ఇంటింటి వివాదం. మొదటి రెండు ఆటలు ఓడిపోయి, మూడోదానిలో ఓడించడం చాలామంది అమ్మమ్మలు పాటించే పద్ధతి, అందులో లోపమేమీ కనిపించదు.

పులి–మేక కొంచెం పెద్ద పిల్లలకు, ఏడు దాటినవారికి. కొండలా త్రికోణం గీసి, దానిని అడ్డగీతలతో కోస్తారు. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీదుగా దూకి తినాలి, మేకలు పులికి దారి లేకుండా కట్టెయ్యాలి. పిల్లలందరూ మొదట పులి కావాలంటారు. కొన్నాళ్లు గడిచాక తాతయ్య చేతిలోని మేకలు పులుల్ని కట్టేయడం చూసి మేకలు అడుగుతారు.

వామనగుంటల పీట ఊరి ఇంట్లో అటక మీద ఉంటే రప్పించండి. లేకపోతే కోడిగుడ్ల అట్ట చాలు, రెండు వరసల్లో ఏడేసి గుంటలు వచ్చేలా అతికించుకోవచ్చు. గుంటకు ఎన్ని గింజలు వేయాలన్నది ఊరిని బట్టి మారుతుంది. అమ్మమ్మ ఒక లెక్క, నానమ్మ ఒక లెక్క చెబితే తీర్పు చెప్పే పని పెట్టుకోకండి.

ఇంట్లో మూడేళ్ల లోపు పిల్లలుంటే చింతగింజలు, గవ్వలు వాళ్లకు అందకూడదు. నోట్లో పెట్టుకుంటే గొంతులో అడ్డుపడతాయి. ఆట అయిపోగానే లెక్కపెట్టి డబ్బాలో వేయడం కూడా ఆటలో భాగం చేసేయండి.

ఇక రెండింటి నుంచి మూడున్నర దాకా అందరూ పడుకోవాలి. నిద్ర రాని పిల్లలకు కథ. ఎండబెట్టిన ఏడు చేపల్లో ఒకటి ఎందుకు ఎండలేదో చెప్పుకుంటూ పోతే చీమ దాకా వెళ్లేలోపు చెప్పేవారే నిద్రపోతారు.

ఫోను, టీవీ పూర్తిగా ఆపాలా?

ఆపలేరు. అమ్మమ్మకు సీరియల్ ఉంది, తాతయ్యకు వార్తలున్నాయి. పిల్లలకు మాత్రం నిషేధమంటే న్యాయం కాదు, వాళ్లకది వెంటనే తెలిసిపోతుంది. అందరికీ కలిపి ఒక వేళ పెట్టండి. భోజనం దగ్గర ఫోను వద్దన్న నియమం ఒక్కటి మీతో సహా అందరికీ వర్తింపజేయండి, చాలు.

ఆవకాయ పెట్టేటప్పుడు పిల్లలను దగ్గరికి రానివ్వవచ్చా?

తప్పకుండా. చాలా ఇళ్లలో పెద్దవాళ్లు ఈ నెలలో వచ్చేదే అందుకు. కానీ ఎవరికి ఏ పని అన్నది ముందే తేల్చాలి. కాయలు కడిగి తడి లేకుండా తుడవడం పిల్లలది. ముక్కలు కొట్టే కత్తి దగ్గరికి ఎవరూ రాకూడదు, వీలైతే బజారులోనే కొట్టించి తెచ్చుకోండి. ముక్కలు ఇంటికి వచ్చాక ఒక్కో ముక్కకూ టెంకను అంటుకుని ఉన్న పల్చటి పొరను గీకి తీసి, పొడిబట్టతో మళ్లీ తుడవాలి. ఈ పనిలో నాలుగేళ్ల చేతులు పెద్దల చేతులకంటే ఓపికగా ఉంటాయి. టెంక లేని ముక్క కనబడితే పక్కన పెట్టమని చెప్పండి, పోలీసు ఉద్యోగం ఇచ్చినంత సంబరపడతారు.

కారం, ఆవపిండి కలిపే వేళకు మాత్రం పిల్లలను ఇంకో గదిలోకి పంపండి. కారం చేయి కంట్లో పెట్టుకుంటే చల్లటి మంచినీళ్లతో చాలాసేపు కడగాలి, రుద్దనివ్వకూడదు. ఉప్పు, కారం, ఆవపిండి, నూనె కలిసిన పెద్ద బేసిన్‌లోంచి ముక్కలన్నీ జాడీలోకి ఎత్తేశాక అడుగున మిగిలిన పిండిలో వేడన్నం, నెయ్యి వేసి అమ్మమ్మ కలుపుతుంది. పిల్లల ముద్దలకు నెయ్యి రెట్టింపు. అందరూ బేసిన్ చుట్టూ చేతులు చాచి కూర్చుంటారు. కారమని కళ్లనీళ్లు పెట్టుకున్న పిల్లలే మళ్లీ చెయ్యి చాచడం కూడా అప్పుడే చూస్తారు. మూడో రోజు తిరగకలపడం చూడటానికి వాళ్లను మళ్లీ పిలవండి, నూనె పైకి తేలి ఉంటుంది.

ఎండాకాలంలో వాళ్లకు ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు?

మజ్జిగ, పల్చటి రాగిజావ, ముంజలు, పుచ్చకాయ. ముంజలు పొద్దున్నే లేతవి కొనాలి, నొక్కితే మెత్తగా ఉండి లోపల నీళ్లు కదలాలి. చిన్నపిల్లలకు పొట్టు తీసి ముక్కలు చేసి ఇవ్వండి. రసాలు మెత్తగా పిసికి జుర్రుకోవడం నేర్పే బాధ్యత తాతయ్యది, చొక్కా విప్పించే బాధ్యత మీది. బంగినపల్లి కోసుకుని తినే పండు, ఆ సరదా అందులో లేదు.

మధుమేహం ఉన్న పెద్దలు మామిడిపండు ముట్టకూడదని ఏమీ లేదు. ఎంతవరకు తినవచ్చో వారి డాక్టరును అడిగి ఆ మేరకు తినవచ్చు, పండుతోపాటు అన్నం తగ్గించాలి. ఇన్సులిన్ తీసుకునేవారైతే దాన్ని ప్రయాణంలోనూ చల్లగా ఉంచాలి, అలాగని గడ్డకట్టనివ్వకూడదు. రోడ్డు పక్కన రంగురంగుల ఐసు గోలా వద్దు. ఆ ఐసు ఏ నీళ్లదో ఎవరికీ తెలియదు.

వయసు పైబడినవారికి ఒంట్లో నీరు తగ్గినా దాహం తెలియదు. పిల్లలు ఆటలో పడి అడగరు. గంట గంటకూ తాతయ్యకు నీళ్లందించే పనిని పిల్లలకు, పిల్లల చేత తాగించే పనిని తాతయ్యకు అప్పగిస్తే ఇద్దరూ తాగుతారు. ఆరు నెలల లోపు పసివాళ్లకు మాత్రం వేసవిలోనూ తల్లిపాలే, నీళ్లు పట్టకూడదు. బామ్మ ఒప్పుకోకపోతే డాక్టరుతోనే చెప్పించండి.

వడదెబ్బ తగిలిందని ఎలా గుర్తుపట్టాలి?

నీరసం, తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండటం మొదటి సూచనలు. నీడకు తెచ్చి, బట్టలు వదులు చేసి, ఓఆర్‌ఎస్ కొద్దికొద్దిగా తాగించాలి. ప్యాకెట్టు మీద రాసినన్ని నీళ్లలో ప్యాకెట్టు మొత్తం ఒకేసారి కలపాలి. ప్యాకెట్టు లేకపోతే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు.

మాట తడబడటం, పొంతన లేకుండా మాట్లాడటం, ఒళ్లు కాలిపోతూ ఉండటం, స్పృహ తప్పడం కనిపిస్తే అది అత్యవసరం. 108కి ఫోను చేయండి. వచ్చేలోపు ఒంటి మీద నీళ్లు పోస్తూ, తడిబట్టతో తుడుస్తూ, ఫ్యాను కింద ఉంచండి. స్పృహలో లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు. రక్తపోటు మాత్రల్లో కొన్ని మూత్రం ఎక్కువగా పోయేలా చేస్తాయి. వేసవిలో వాటి మోతాదు గురించి బయలుదేరే ముందే ఊళ్లోని డాక్టరును అడిగి రమ్మనండి, సొంతంగా మానేయకూడదు. ఆగి ఉన్న కారులో పిల్లలనూ పెద్దలనూ రెండు నిమిషాలకైనా వదలకండి.

తాతయ్యకు మోకాళ్ల నొప్పులు. పరిగెత్తి ఆడించలేరు, దానికి బాధపడుతున్నారు.

కుర్చీలో కూర్చునే ఆడించగల ఆటలు బోలెడున్నాయి. దాగుడుమూతల్లో కళ్లు మూసే పెద్ద ఎప్పుడూ తాతయ్యే. బొంగరానికి తాడు చుట్టడం, గాలిపటానికి సూత్రం కట్టడం, తాటాకు బూర చేయడం కూర్చుని చేసే పనులే. ఏటికొప్పాక లక్క బొంగరాలు హస్తకళల దుకాణాల్లో దొరుకుతాయి. అంకుడు కర్రతో చేసి లక్కరంగులు పూస్తారు. నున్నటి గచ్చు మీద అవి తిరిగినంతసేపు మాటలుండవు.

స్నానాల గది నేల జారకుండా రబ్బరు చాప, గోడకు పట్టుకునే కడ్డీ మాత్రం వాళ్లు వచ్చే ముందే పెట్టించండి.

వాళ్లున్నారు కదా అని పిల్లలను అప్పగించి ఇద్దరం ఆఫీసుకు వెళ్లవచ్చా?

అడిగి వెళ్లండి. సెలవులకు రమ్మని పిలిచి, వచ్చాక కాపలా ఉద్యోగం ఇవ్వడం అన్యాయం. అడిగితే కాదనేవాళ్లు తక్కువే, అయినా అడగాలి. రెండేళ్ల పిల్ల వెంట రోజంతా పరిగెత్తడం డెబ్బయ్యేళ్లవారి పని కాదు, పూటకొకసారి ఎవరో ఒకరు సాయం ఉండాలి. బక్కెట్లలో, టబ్బుల్లో నీళ్లు నింపి వదిలి వెళ్లకండి. చిన్నపిల్లలకు జానెడు నీరైనా ప్రమాదమే. మీ నంబర్లు, పక్కింటివారి నంబరు, దగ్గరి ఆసుపత్రి నంబరు పెద్ద అక్షరాలతో ఫ్రిజ్ మీద అతికించండి.

వద్దన్న చాక్లెట్లు దొంగచాటుగా పెడుతున్నారు. ఏం చేయాలి?

మూడు వారాల గారానికి పిల్లలు చెడిపోరు. పళ్లు తోమించే పూచీ కూడా పెట్టినవారికే అప్పగించండి. అలర్జీ, మందులు, రోడ్డు దాటడం: ఈ మూడింటిలో మీ మాటే చెల్లాలి. అది పిల్లల ముందు కాకుండా విడిగా చెప్పాలి. పిల్లల ఎదుట అమ్మమ్మను తప్పుపట్టారంటే ఆ పూట అన్నం ఆవిడ తినదు, పిల్లలూ తినరు.

పిల్లలకు తెలుగు సరిగా రాదు. పెద్దవాళ్లకు ఇంగ్లీషు రాదు.

మీరు మధ్యలో దుబాసీ పని చేయకండి. వారం గడిచేసరికి వాళ్లే దారి వెతుక్కుంటారు. మీరు గదిలో ఉంటే పిల్లలు మీ వైపు తిరుగుతారు, లేకపోతే తాతయ్యకు అర్థమయ్యేదాకా చెబుతారు.

అమ్మమ్మ తాతయ్య, నానమ్మ తాతయ్య ఒకేసారి వస్తామంటున్నారు.

రెండు గదుల ఇంట్లో వద్దు. వియ్యపురాళ్లిద్దరూ మర్యాద కొద్దీ వంటింట్లోంచి బయటికి రారు, పిల్లలతో ఆడేవారే ఉండరు. రెండు రోజులు కలిసేలా ఒకరి రాకను, ఒకరి పోకను సర్దండి, ఆవకాయ ఆ రెండు రోజుల్లో పెట్టించండి. ఎవరి పాళ్లు సరైనవన్న చర్చ వస్తే రెండు జాడీలు పెట్టడమే మార్గం.

తిరిగి వెళ్లేటప్పుడు పిల్లలను వాళ్లతో ఊరికి పంపవచ్చా?

అయిదేళ్లు దాటి, మీరు లేకుండా రాత్రి పడుకునే అలవాటుంటే పంపవచ్చు. మొదటిసారి వారం రోజులకు మించకుండా చూడండి. ఊళ్లో చెరువు, కాలువ, మోటారు బావి ఎక్కడున్నాయో, పిల్లలు అటు వెళ్లకుండా ఎవరు చూస్తారో ముందే మాట్లాడుకోండి. పిల్లల మందులు, డాక్టరు చీటీ, టీకాల కార్డు ఫొటో పెద్దవాళ్ల ఫోనులో పెట్టండి. దోమతెర తప్పనిసరి. ఇష్టమైన దుప్పటి, బొమ్మ పైకి కనిపించేలా సర్దండి, అడుగున పెడితే రైల్లో పెట్టెంతా విప్పించేస్తారు. రాత్రి పూట ఫోను చేసి ఏడిపించకండి. పొద్దున తొమ్మిదింటికి చేయండి, అప్పటికి వాళ్లు పెరట్లో ఉంటారు, మీతో మాట్లాడే తీరికే ఉండదు.